పెట్టెలో పడ్డ ప్రతి చీటీ

సెప్టెంబరు 1, ఆదివారం

ఇవాళ పెట్టెలో పద్నాలుగు చీటీలు పడ్డాయి. పదమూడు చదివాను.

పదకొండేళ్లలో ఒక చీటీని పక్కన పెట్టడం ఇదే మొదటిసారి, అందుకని రాసుకుంటున్నాను. తప్పు చేశానని కాదు. చేసిన పని గుర్తుండాలి, అంతే.

ప్రార్థన పెట్టె నాన్న చేయించింది. చర్చి గుమ్మం పక్కనే ఉంటుంది. ఎవరికి ఏ కష్టం ఉన్నా కాగితం మీద రాసి, మడిచి, పేరు పెట్టకుండా అందులో వేస్తారు. ఆరాధన మధ్యలో ఒకరు లేచి ఒక్కొక్కటే చదువుతారు, ప్రతి చీటీకీ అందరూ కలిసి "ప్రభువా, ఆలకించు" అంటారు. నాన్న ఉన్నంతకాలం నాన్న చదివాడు, తరువాత నేను. ఆయన నాకు చెప్పినవి మూడే మాటలు. పెట్టెలో పడ్డ ప్రతి చీటీ చదవాలి. రాసింది రాసినట్టు చదవాలి. చేతిరాత గుర్తుపట్టినా పట్టనట్టే ఉండాలి. ఆయన అందరి ముందే తాళం తీసేవాడు. నేను మాత్రం పావుగంట ముందు పక్కగదిలో తెరిచి వరసగా పెట్టుకుంటాను. కొందరి రాత కోడి కెలికినట్టు ఉంటుంది, నిలబడి తడబడడం నాకు నచ్చదు.

పద్నాలుగో చీటీ ఎన్నికల కరపత్రం వెనకవైపు రాసి ఉంది. ఊదారంగు కాగితం. మైకాయన గెలవాలనీ, ఈ ఊరు మళ్లీ దేవుడి ఊరు కావాలనీ, మిల్లు వెనక షెడ్లలో దిగిన కొత్తవాళ్లు వచ్చిన దారినే పోవాలనీ ప్రార్థించమని. మైకాయన అనేది నేను పెట్టిన పేరు. ఇంట్లో మంచినీళ్లు అడగడానికి కూడా మైకు పట్టుకునే రకం. మునిసిపల్ ఎన్నికల్లో నిలబడి, తనకి వేసిన ఓటు ప్రభువుకి వేసినట్టే అని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. వింటుంటే ఒళ్లు మండుతుంది.

మనుషుల్ని వెళ్లగొట్టమని దేవుడిని అడిగే చీటీ నా నోటితో చదవను. ఇది రాజకీయం కాదు, రాజకీయాన్ని గుమ్మం బయట ఉంచడం. చీటీ పారేయలేదు, పక్కగది సొరుగులో పెట్టాను. ప్రార్థన అని రాసిన కాగితాన్ని చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాదు.

సెప్టెంబరు 4, బుధవారం

ల్యాబులో ఉదయం నుంచి ఊపిరాడలేదు. ముప్పై తొమ్మిది ట్యూబులు, రెండు మిషన్లు. వాటిలో ఒకటి ఎప్పుడు మొరాయిస్తుందో దానికే తెలియదు.

కుర్ర డాక్టరు టీ తాగుతూ, మేడం, మీ దేవుడు ఈసారి ఎవరికి ఓటేస్తున్నాడు అని అడిగాడు. అతనికి విశ్వాసం అంటే మైకాయనే. అతని తప్పు కాదు, అతనికి వినపడే గొంతు అదొక్కటే. మా దేవుడికి ఈ వార్డులో ఓటు లేదు నాయనా, నీ పేషెంటు రిపోర్టు మాత్రం వచ్చింది, పట్టుకెళ్లు అన్నాను.

మిల్లు షెడ్లలో ఉండే అమ్మాయి ప్రతి బుధవారంలాగే వచ్చింది. ఏడో నెల. రక్తం తక్కువ. పోయిన వారం ఏడున్నర, ఇవాళ ఎనిమిది. మన మాట ఆ పిల్లకి సగమే వస్తుంది. వేళ్లతో ఎనిమిది చూపిస్తే పరీక్ష పాసైనట్టు నవ్వింది. నేను ట్యూబు మీద అంకె చూసి పని చేస్తాను, ఎవరిదో చూడను. ఇరవై ఆరేళ్లలో ఒక్క తప్పుడు రిపోర్టు ఇవ్వలేదంటే కారణం అదే.

సెప్టెంబరు 8, ఆదివారం

ఊదా చీటీలు నాలుగు. రంగు చూస్తేనే తెలిసిపోతోంది, విప్పి చదివి మనసు పాడుచేసుకోవడం ఎందుకు. మడత విప్పకుండానే సొరుగులో వేశాను.

లెక్కల టీచరు గెలవాలని ఒక తెల్ల చీటీ. మైకాయనకి పోటీగా నిలబడింది ఆవిడే. చర్చికి రాదు, వస్తానని అబద్ధమూ చెప్పదు. ఆ చీటీని "న్యాయంగా ఉండేవాళ్లు గెలవాలి" అని చదివాను. పేరు తీసేశానంతే, అర్థం మార్చలేదు. పేరు లేకపోతే అది రాజకీయం కాదు కదా. మరి మైకాయన చీటీలోంచీ పేరు తీసేసి చదవచ్చుగా అని ఒక్క క్షణం అనిపించింది. తీసేస్తే మిగిలేది వెళ్లగొట్టడమే. కాబట్టి నేను చేసింది సరిగ్గానే ఉంది.

బయటికి వస్తుంటే డ్రైవరు బాబాయి ఆపాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి, నాన్న స్నేహితుడు. తన చీటీ చదవలేదేమని అడిగాడు. బాబాయి కూడా మైకాయన మనిషేనన్నమాట అనుకుని, దేవుడు చదివే ఉంటాడులే బాబాయీ అన్నాను.

"దేవుడు ఎలాగూ చదువుతాడమ్మాయ్. మరి ఆ పెట్టె ఎవరికోసం?" అన్నాడు.

నవ్వేసి వచ్చాను. మాటకి మాట అంటించడం ఆయనకి సరదా.

సెప్టెంబరు 11, బుధవారం

ఇవాళ జరిగింది రాయకుండా పడుకోలేను.

మధ్యాహ్నం ఆసుపత్రి గేటు దగ్గర కొత్త ఊదా కరపత్రం పంచారు. మిల్లు వెనకవాళ్ల రక్తంలో అంటురోగం ఉందట. అది ఆసుపత్రి ల్యాబు పరీక్షల్లో తేలిన నిజమట. ఆసుపత్రి ల్యాబు అంటే ఎవరు? నేను. నేనూ, నా రెండు మిషన్లూ. ఆ షెడ్లనుంచి వచ్చిన ప్రతి ట్యూబూ నా చేతిమీదుగానే పోయింది. రక్తం తక్కువన్న మాటే తప్ప వాటిలో ఇంకేమీ లేదు. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో అచ్చువేసిన ప్రెస్సు పేరు ఉంది. అది నా తమ్ముడి ప్రెస్సు.

డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వెళ్లాను. మరదలు కరపత్రాలు కట్టలు కడుతోంది. తమ్ముడు బల్ల దగ్గర కూర్చుని, చెడిపోయిన షీట్లు కోసి కుట్టుకున్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. కాగితం వాడి ముందు పెట్టి ఇదేమిట్రా అన్నాను.

"వాళ్లు రాసిచ్చారు, నేను వేశాను. అచ్చువేసేవాడు రాసేవాడు కాదక్కా."

ల్యాబులో ఉన్నది నీ అక్క అని తెలిసి కూడా ఒక్క ఫోను చేయలేకపోయావా అన్నాను. వాడు నేలచూపులు చూశాడు. తరువాత తలెత్తి, మైకాయనలో తప్పులుండొచ్చు, కానీ ఈ ఊళ్లో దేవుడి పేరు సిగ్గుపడకుండా బయటికి చెప్పేది ఆయనొక్కడే అన్నాడు. టీవీ పెడితే మనమంటే వెక్కిరింత, కాలేజీలో మనవాళ్లంటే వెక్కిరింత, నీ డాక్టర్లు మాత్రం నిన్ను చూసి నవ్వుకోరా అన్నాడు.

నవ్వుకుంటారు. అది నిజమే. ఆ నిజం వాడి నోట విన్నాక ఇంకా మండింది. "దేవుడి పేరు చెప్పి అబద్ధం అచ్చువేసేవాడు నాకు తమ్ముడు కాడు" అన్నాను. మరదలి చేతిలో దారపుండ జారి కిందపడింది.

అనాల్సిందే అన్నాను. అనకపోతే నాన్నకి కూతురిని కాదు.

సెప్టెంబరు 12

తమ్ముడు రెండుసార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు.

సెప్టెంబరు 15, ఆదివారం

ఊదా చీటీలు ఆరు. సొరుగు.

తమ్ముడు, మరదలు ఎప్పటిలాగే మూడో బెంచీలో కూర్చున్నారు. నేను చీటీలు చదువుతున్నంతసేపూ వాడు తలవంచుకుని, చేతులు గట్టిగా ముడిచి కూర్చున్నాడు. సిగ్గుపడుతున్నాడు కాబోలు. పడనీ. సిగ్గు మనిషికి మంచే చేస్తుంది.

సెప్టెంబరు 18, బుధవారం

మిల్లు అమ్మాయి రాలేదు. షెడ్లనుంచి ఇవాళ ఒక్కరూ రాలేదు. ల్యాబు వాళ్ల పేరు మీద రోగం రాసిందని ఊరంతా చదివాక ఎందుకు వస్తారు. నేను అలాంటిదేమీ రాయలేదని గేటు దగ్గర పంచుతున్నవాడికి చెప్పాను. మీరు పై ఆఫీసుతో మాట్లాడుకోండి మేడం అన్నాడు. మా ఆసుపత్రి పై ఆఫీసుకి ఉత్తరం రాశాను, పరిశీలిస్తామన్నారు. నేను ఒక్కదాన్నే అరిస్తే ఎవరు వింటారు. ఆ కాగితం అబద్ధమని, వేసినవాడి నోట వస్తే తప్ప జనం నమ్మరు. మైకాయన మనుషుల్లో అంత నిజాయితీ ఉన్నవాడు ఎవడున్నాడు గనక.

సెప్టెంబరు 22, ఆదివారం

ఊదావి అయిదు.

తమ్ముడు ఇవాళ తలవంచుకోలేదు. మొదటి చీటీ నుంచి చివరి చీటీ దాకా కళ్లార్పకుండా నన్నే చూశాడు. మొండితనం చూడు. నేనూ సూటిగా చూశాను. చూసి, తరువాతి చీటీ తీశాను.

ఆరాధన అయ్యాక పాస్టరుగారు పక్కగదిలోకి వచ్చారు. మెత్తని మనిషి, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడాలని చూసి చివరికి ఏమీ చెప్పకుండా పోతారు. ఇద్దరు ముగ్గురు తమ చీటీలు రావడం లేదని అంటున్నారమ్మా అన్నారు. పెట్టె పాతదైంది, అడుగున చెక్క ఊడింది, ఒకటీ అరా ఇరుక్కుపోతున్నాయేమో అన్నాను. ఆయన పెట్టె వంక చూసి తలూపారు.

పెట్టె అడుగు గట్టిగానే ఉంది. కానీ ఎన్నికలు అయ్యేదాకా చర్చిలో గొడవ రాకుండా చూడడం కూడా సేవే.

సెప్టెంబరు 25

ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. తొమ్మిది ఉండాల్సింది ఈపాటికి. ఎంత ఉందో.

సెప్టెంబరు 29, ఆదివారం

ఊదావి ఏడు. సొరుగు నిండుతోంది.

చివరి చీటీ చదివి నేను కూర్చోగానే తమ్ముడు లేచి బయటికి వెళ్లిపోయాడు. దీవెన దాకా కూడా ఆగలేదు. మరదలు మాత్రం కూర్చుంది, ఏడుస్తోంది. మొగుడు చేసిన పనికి పాపం ఆ పిల్ల ఏడుస్తోంది. నాకు జాలేసింది. అయినా దగ్గరికి వెళ్లలేదు, ఇప్పుడు మెత్తబడితే ఇన్నాళ్లు గట్టిగా నిలబడ్డదానికి అర్థం ఉండదు.

అక్టోబరు 3, గురువారం

మైకాయన ఓడిపోయాడు. నూట పన్నెండు ఓట్ల తేడా. ల్యాబులో స్లైడు చూస్తుండగా కుర్ర డాక్టరు తలుపు తీసి చెప్పాడు, మీ దేవుడికి ఓటు ఉన్నట్టుంది మేడం అన్నాడు. ఇవాళ నవ్వొచ్చింది, నవ్వాను.

నేను ఎవరినీ గెలిపించలేదు, ఓడించలేదు. గుమ్మం కాపలా కాశాను, అంతే. నాన్న ఉంటే భుజం తట్టేవాడు.

అక్టోబరు 6, ఆదివారం

అన్నీ తెల్ల చీటీలే, ఆరు. అన్నీ చదివాను. ఎంత హాయిగా ఉందో.

మూడో బెంచీ ఖాళీ.

అక్టోబరు 8, మంగళవారం

మరదలు పన్నెండు గంటలకి ల్యాబుకి వచ్చింది. రక్తం ఇవ్వడానికేమో అనుకుని కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"వదినా, ఆయన మూడు వారాలు మూడు చీటీలు వేశాడు. ఒక్కటైనా చదవాలనిపించలేదా? కోపముంటే ఇంటికొచ్చి కొట్టు, తిట్టు. దేవుడికీ ఆయనకీ మధ్య అడ్డం నిలబడతావా?"

ఏం చీటీలు అన్నాను. నిజంగానే తెలియక అడిగాను. ఆ పిల్ల నా మొహం చూసి, నేను నటిస్తున్నానని అనుకుని, ఇంకో మాట లేకుండా వెళ్లిపోయింది.

సగం పనిలో లేచి చర్చికి వెళ్లాను. ఇరవై ఆరేళ్లలో అలా ఎప్పుడూ లేవలేదు. పక్కగది తాళం తీసి సొరుగు మొత్తం బల్ల మీద బోర్లించాను. ఇరవై మూడు. ఒక్కొక్కటే విప్పాను.

మైకాయన గెలవాలని ఉన్నవి ఎనిమిది. తక్కినవి వేరే. మోకాళ్ల నొప్పి. కూతురు చర్చికి రావడం మానేసిందని ఒక తల్లి. పరీక్ష. తాగుడు మానని మొగుడు. "మా ఆవిడ నన్ను గుర్తుపట్టడం లేదు, ఒక్కరోజు గుర్తుపడితే చాలు" అని పెద్ద పెద్ద వంకర అక్షరాలు, అవి డ్రైవరు బాబాయివి. మైకాయన మనుషులు ఆ కరపత్రాలు ఇంటింటి గుమ్మంలోనూ పడేసి పోయారు. ఊళ్లో చిత్తుకాగితం అంటే ఇప్పుడు అదే. చేతికందిన కాగితం మీద రాసి వేశారు పాపం. రంగు చూసి నేను వాళ్లకి ఒక పార్టీ అంటగట్టాను.

తమ్ముడు ఎప్పుడైనా తెల్ల కాగితం మీద రాశాడా? చిన్నప్పుడు బడి నోట్సు కూడా చెడిపోయిన షీట్ల వెనకే రాసేవాడు. ఆ సంగతి నాకు తెలియక కాదు.

మొదటిది: "తెలిసి ఒక అబద్ధం అచ్చువేశాను. అది అబద్ధమని నేనే అచ్చువేసి ఊరికి చెప్పాలని ఉంది. ధైర్యం చాలడం లేదు. నాకోసం ప్రార్థించండి."

రెండోది: "పోయిన వారం రాసిందే. ధైర్యం ఇంకా రాలేదు. మా అక్క ఒక్కసారి నావైపు మామూలుగా చూస్తే వస్తుందేమో."

మూడోది: "చదివావు కదా అక్కా."

ఇంక రాయలేను.

అక్టోబరు 9, బుధవారం

రాయాలి. దాచుకుంటే నిన్నటి సొరుగుకీ ఈ పుస్తకానికీ తేడా ఏముంది.

వేసినవాడి నోట వస్తే తప్ప జనం నమ్మరని పద్దెనిమిదో తారీకు నేనే రాసుకున్నాను. ఆ మాట చెప్పడానికి ఒకడు మూడో బెంచీలో కూర్చుని, ధైర్యం ఇమ్మని చేతులు ముడుచుకుని అడుగుతున్నాడు. నాలుగు గోడల మధ్య వందమంది వాడికోసం ఒక్క మాట అని ఉంటే వాడు లేచేవాడు. నాకు తెలుసు, వాడు అలాంటివాడే. అబద్ధాన్ని ఆపగలిగిన ఒక్క మనిషి నోరు నేను నొక్కి, పై ఆఫీసుకి ఉత్తరాలు రాస్తూ కూర్చున్నాను.

సాయంత్రం ప్రెస్సుకి వెళ్లాను. తమ్ముడు రోలరు తుడుస్తున్నాడు. కూర్చోమని అనలేదు. నేనే చెప్పాను, నీ చీటీలు నిన్న చూశాను రా అని. అంతకుముందు రంగు చూసి పక్కన పెట్టేశానని, విప్పలేదని.

వాడి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"విప్పలేదా?"

"విప్పలేదు."

"చదివి కోపంతో ఊరుకున్నావనుకున్నాను. మూడు వారాలూ అదే అనుకున్నాను. అక్క నా మాట చదివింది, కోపం తగ్గాక బయటికి చదువుతుందిలే అని. అసలు విప్పనేలేదా అక్కా?"

కోపమైతే బాగుండేది అన్నాడు, ఆ తరువాత. అంత మెల్లగా ఒక మనిషి నన్ను ఎప్పుడూ తిట్టలేదు.

ఆదివారం అన్నీ చదువుతాను, నీవి చదవొద్దంటే చదవను అన్నాను. నావైపు చూడకుండా, పెట్టెలో వేసేది చదవడానికే అన్నాడు. తరువాత మిషను ఆన్ చేశాడు. ఆ చప్పుడులో ఇక మాటలు లేవు.

అక్టోబరు 10

ఎవరూ అడగకముందే పెట్టె తాళంచెవి పాస్టరుగారి బల్ల మీద పెట్టాను. పెట్టె అడుగున చెక్క ఊడలేదని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. ఆదివారం ఒక్కసారికి నాకే ఇవ్వండి, ఆ తరువాత డ్రైవరు బాబాయికి ఇవ్వండి అన్నాను. ఆయన సరేనన్నారు.

అక్టోబరు 13, ఆదివారం

నిలబడి చదివాను.

ముందుగా నేను చేసింది నాలుగు ముక్కల్లో చెప్పాను. నసగలేదు. ఇరవై మూడు చీటీలు పక్కన పెట్టాను, ఒకదాంట్లో పేరు తీసేసి చదివాను, పాస్టరుగారికి అబద్ధం చెప్పాను. బెంచీల్లో కలకలం రేగింది. అది తగ్గేదాకా ఆగి, మొదటి చీటీ విప్పాను.

మొదటిది మొదటిరోజు పక్కన పెట్టినదే. మిల్లు వెనకవాళ్లు వచ్చిన దారినే పోవాలని. రాసింది రాసినట్టు చదివాను. మామూలుగా చీటీ పూర్తికాకముందే జనం అందుకుంటారు. ఇవాళ అందుకోలేదు. ఒకటి రెండు గొంతులు "ప్రభువా" అని మొదలుపెట్టి, మిగతావాళ్లు కలవకపోయేసరికి మధ్యలోనే ఆగిపోయాయి. ఆ మాట చర్చిలో నిలబడి పైకి వింటే ఎలా ఉంటుందో అప్పటిదాకా ఎవరికీ తెలియదు. నేను దాచిపెట్టి వాళ్లకి తెలియకుండా చేశాను. వినపడనిస్తే వాళ్లే తేల్చుకునేవారు. నా కాపలా ఎవరికీ అక్కర్లేకపోయింది.

బాబాయి చీటీకి అందరూ అన్నారు. బాబాయి పక్కన ఆయన భార్య, ఎవరి కోసమో తెలియకుండానే ఆవిడ కూడా అంది.

తమ్ముడివి చివర. మూడూ చదివాను. "చదివావు కదా అక్కా" అని నా నోటితో నేనే చదివాక, చర్చి మొత్తం నా ఎదురుగా నిలబడి ప్రభువా ఆలకించు అంది. ఈ ఊళ్లో చాలామందికి అక్కలున్నారు, కానీ అది ఎవరిదో అందరికీ తెలుసు. మూడో బెంచీ ఖాళీగానే ఉంది.

అక్టోబరు 16, బుధవారం

బాబాయి ఆదివారమే ప్రెస్సుకి వెళ్లి చెప్పాడట, నీకోసం అందరమూ అడిగామురా, ఇక నీ ఇష్టం అని.

పొద్దున్న పది గంటలకి తమ్ముడు ల్యాబుకి వచ్చి కౌంటరు మీద ఒక ప్రూఫు పెట్టాడు. పెద్ద అక్షరాల్లో ఉంది: మిల్లు వెనకవాళ్ల రక్తం గురించి నా ప్రెస్సులో అచ్చయిన కరపత్రం అబద్ధం. అబద్ధమని తెలిసే వేశాను. ల్యాబు అలాంటి మాట ఎప్పుడూ చెప్పలేదు. కింద వాడి పేరు, చిన్న అక్షరాల్లో కాదు.

"తప్పులుంటే చెప్పు" అన్నాడు. అక్కా అనలేదు.

ఎన్నికలు అయిపోయాయి కదా, ఇప్పుడు నీకెందుకు ఇది అని ఎవరైనా అంటే ఏం చెప్తావు అన్నాను. వాళ్లింకా ఆసుపత్రికి రావడం లేదుగా అన్నాడు. నేను చదివి, ఒక్క కామా సరిచేసి ఇచ్చాను. మధ్యాహ్నానికి వెయ్యి వేసి తెచ్చాడు. ట్యూబులు, సూదులు, అక్కడికక్కడే రక్తం ఎంతుందో చూసే చిన్న మీటరు సర్దుకుని నేనే మిల్లుకి బయలుదేరాను. వాడూ వెనకే వచ్చాడు. షెడ్డు షెడ్డుకీ కాగితం ఇచ్చి, చదవలేనివాళ్లకి తనే చదివి చెప్పాడు. తెలిసే వేశాను అన్నచోట ప్రతిసారీ గొంతు తగ్గింది, కానీ ఆ ముక్క ఒక్కసారి కూడా వదిలేయలేదు. మిల్లు అమ్మాయి చాలాసేపు వాడిని చూసి, చివరికి నాకు చెయ్యి చాపింది. ఆరు. ఆరంటే ఆగే పని కాదు. ఆటోలో ఎక్కించి వార్డులో చేర్పించాను. సాయంత్రం రక్తం ఎక్కుతోంది. కుర్ర డాక్టరు తల్లికీ కడుపులో బిడ్డకీ ఫర్వాలేదన్నాడు. నవ్వుతూ కాదు, మామూలుగా చెప్పాడు.

దారిలో తమ్ముడూ నేనూ పని మాటలే మాట్లాడుకున్నాం.

అక్టోబరు 20, ఆదివారం

పదకొండేళ్లు చీటీలు చదివాను గానీ ఒక్కటీ రాసి వేయలేదు. నాకేం అవసరం అనుకునేదాన్ని. పొద్దున్న కాగితం ముందు కూర్చుంటే ఒక్క ముక్క కదలలేదు. ఎంత కష్టపడి రాస్తారో జనం. మూడుసార్లు కొట్టేసి చివరికి ఇలా రాశాను: "నా తమ్ముడు నన్ను అక్కా అని పిలవడం మానేశాడు. తప్పు నాది. ప్రార్థించండి." మడిచి, గుమ్మం దగ్గర ఎవరూ లేనప్పుడు వేశాను.

ఆరో బెంచీలో కూర్చున్నాను. తమ్ముడు, మరదలు నా వెనక ఎక్కడో ఉన్నారు, వచ్చేటప్పుడు మరదలి గొంతు విన్నాను. డ్రైవరు బాబాయి పెట్టెను ముందుకి తెచ్చి అందరి ఎదుటే తాళం తీశాడు. నెమ్మదిగా, కూడబలుక్కుంటూ చదివాడు. ఒకచోట తప్పు చదివి, క్షమించండి అని మళ్లీ మొదటినుంచి చదివాడు. ఎవరూ నవ్వలేదు. ఒక్కో చీటీ విప్పుతుంటే ఆయన చేతి వంకే చూసేదాన్ని. తరువాతిది నాదే కావాలని, వద్దని. పక్కన పెట్టేస్తాడేమో అని కూడా ఒకసారి అనిపించింది. మూడు ఆదివారాలు తమ్ముడు అలాగే కూర్చున్నాడు కదా.

తొమ్మిదోది నాది. బాబాయి విప్పి, కళ్లజోడు సర్దుకుని, ఒక్క మాట కూడా మార్చకుండా చదివాడు.

ఎవరూ వెంటనే అనలేదు. అందరూ ఎవరికోసం ఆగారో నాకు తెలుసు. నేను తల తిప్పలేదు.

"ప్రభువా, ఆలకించు" అని వెనకనుంచి ఒక్క గొంతు ముందు లేచింది. తరువాతే మిగతావాళ్లు అందుకున్నారు.